లింకు పంపితే గౌరవం తగ్గుతుందా?

సినిమా టికెట్టు సీటు నంబరుతో సహా ఫోన్‌లోనే బుక్ చేసేస్తాం. తిరుమల 300 రూపాయల దర్శనానికి ఏ రోజు, ఏ టైముకి వెళ్ళాలో ఇంట్లో కూర్చునే ఖాయం చేసుకుంటాం. పాస్‌పోర్టు ఆఫీసుకీ అంతే, ఇచ్చిన టైముకి వెళ్తే చాలు. అదే మన వీధి చివరున్న డైటీషియన్‌నో, బ్యూటీషియన్‌నో, టాక్స్ కన్సల్టెంట్‌నో కలవాలంటే మాత్రం కథ మళ్ళీ మొదటికొస్తుంది.

"సార్, రేపు ఖాళీయేనా?"

"రేపు కాదండి, ఎల్లుండి."

"ఎల్లుండి నాకు డ్యూటీ సార్. శనివారం?"

"శనివారం పొద్దున రండి."

"పొద్దున అంటే ఎన్నింటికి సార్?"

అరగంట కలవడానికి ఇన్ని మెసేజులు! మధ్యలో ఒకరు రిప్లై ఇవ్వడం మర్చిపోతే ఆ శనివారం కూడా పోయినట్టే. సొంతంగా చిన్న పని మొదలుపెట్టిన మన ఫ్రెండ్స్‌లో చాలామంది రోజూ పడే తిప్పలివి. ట్యూషన్లు చెప్పేవాళ్ళు, మెహందీ పెట్టేవాళ్ళు, ఫొటోగ్రాఫర్లు, ఫిజియోథెరపిస్టులు, ఎవరినడిగినా ఇదే మాట. దీనికి మందు ఒక బుకింగ్ పేజీ. మీకు ఖాళీ ఉన్న టైములు అందులో కనిపిస్తాయి, క్లయింటు తనకి వీలైనది నొక్కుతారు, అది ఇద్దరి క్యాలెండర్లలోనూ పడిపోతుంది.

వినడానికి అరగంట పనిలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా చెప్తున్నా, సెట్టింగుల వరకూ అది నిజంగా అరగంట పనే. మిగతాది మనుషులతో పని. ఆ సంగతి మా బాబాయి ఆఫీసులో ఇలాంటి పేజీ పెట్టినప్పుడు బాగా అర్థమైంది.

జూలై వస్తే చాలు

బాబాయి కాకినాడలో టాక్స్ కన్సల్టెంట్. జీతం, పెన్షన్ ఉన్నవాళ్ళు రిటర్ను వేయడానికి మామూలుగా జూలై 31 ఆఖరు తేదీ. ఫారం 16 చేతికొచ్చేసరికే జూన్ సగం అయిపోతుంది. అంటే ఏడాది పనంతా ఆ ఆరేడు వారాల్లోనే. ఆ రోజుల్లో బాబాయి ఫోన్ అన్నం తినేటప్పుడు మోగుతుంది, బండి మీద ఉన్నప్పుడూ మోగుతుంది. ఎవరు అడిగినా "రండి, రండి" అనడం ఆయన అలవాటు. నోటుబుక్కులో రాసుకుంటారు గానీ, ఆ నోటుబుక్కు ఆఫీసులో ఉంటుంది, ఆయన బయట ఉంటారు.

రెండేళ్ళ క్రితం జూలైలో ఒకే రోజు పదకొండు గంటలకి ఇద్దరికి టైమిచ్చారు. ఒకరు నోటుబుక్కులో ఉన్నారు, ఇంకొకరికి దారిలో ఫోన్‌లో చెప్పి రాయడం మర్చిపోయారు. ఆ రెండో మనిషి పిఠాపురం నుంచి బస్సులో వచ్చిన రిటైర్డ్ మాస్టారు. ఎండలో వచ్చి రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. పల్లెత్తు మాట అనలేదు. పని చేయించుకుని, డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది మళ్ళీ రాలేదు.

పోయిన ఫీజు కోసం బాబాయి బాధపడలేదు. "ఒక్క మాట తిట్టినా బావుండేది" అన్నారు పిన్నితో.

అందుకే బుకింగ్ పేజీ పెడదామని నేనే అన్నాను. అయితే ఆయన భయం వేరే ఉంది. "లింకు పంపితే జనం ఏవనుకుంటారే? ఈయన పెద్ద ఆఫీసరైపోయాడు, ఫోనెత్తి మాట్లాడ్డానికి కూడా ఖాళీ లేదు అనుకోరూ?"

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకూడదు. మన ఊళ్ళలో చిన్న వ్యాపారం నడిచేదే మాట మీద. "రండి బాబుగారూ, కూర్చోండి" అన్న పిలుపు కూడా సర్వీసులో భాగమే. ఆ పిలుపు పోకుండా తిప్పలు మాత్రమే పోవాలి. అదీ అసలు పరీక్ష.

ముందు కాగితం, తర్వాత యాప్

ఏ యాప్ మంచిదని వెతకడానికి ముందు ఒక వారం పాటు వచ్చిన ప్రతి కాల్‌నీ రాయించాను. ఎవరు, దేనికి, ఎంతసేపు. ఈ పని బాబాయి ఆఫీసులో ఉండే కుర్రాడు చేశాడు. ఆ కాగితం చూస్తే సంగతి తేటతెల్లమైంది. చాలా కాల్స్‌కి అసలు బాబాయితో పనే లేదు. "కాగితాలు ఇవ్వాలి", "నా రిటర్ను అయిందా", "ఏమేం తేవాలి", ఇవే ఎక్కువ. కాగితాలు ఆ కుర్రాడే తీసుకోవచ్చు. ఏమేం తేవాలో ఒక్కసారి రాసి పెట్టుకుంటే వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా పంపేయొచ్చు.

మిగిలింది బాబాయి ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిన పని. పొలమో, స్థలమో అమ్మినవాళ్ళు, షేర్లు ఉన్నవాళ్ళు, విదేశాల్లో ఉండి ఇక్కడ అద్దెలు వచ్చేవాళ్ళు. పేజీ కావాల్సింది వీళ్ళకే. మీరు మెహందీ పెట్టినా, యోగా నేర్పినా ఈ వారం రోజుల లెక్క తప్పకుండా రాయండి. దేనికి అపాయింట్‌మెంటు అక్కర్లేదో తేలితే సగం బరువు అక్కడే దిగిపోతుంది.

ఏ యాప్?

ఈ రంగంలో బాగా తెలిసిన పేరు క్యాలెండ్లీ. నైజీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన టోపే అవోటోనా దాన్ని 2013లో అట్లాంటాలో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన సేల్స్ ఉద్యోగాలు చేశాడు. ఒక్క మీటింగ్ కుదర్చడానికి మెయిళ్ళు అటూ ఇటూ తిరగడం చూసి విసిగి, ఉన్న డబ్బంతా పెట్టి ఈ కంపెనీ కట్టాడు. మన పక్కనే చెన్నైలో ఉన్న జోహోకి జోహో బుకింగ్స్ ఉంది. కోడ్ రాసే అలవాటున్నవాళ్ళకి ఓపెన్ సోర్స్‌గా మొదలై పేరు తెచ్చుకున్న క్యాల్ డాట్ కామ్ నచ్చుతుంది.

బాబాయికి మాత్రం గూగుల్ క్యాలెండర్‌లోనే ఉన్న 'అపాయింట్‌మెంట్ షెడ్యూల్' ఎంచుకున్నాను. కారణం చాలా సింపుల్. ఆయన ఫోన్ ఆండ్రాయిడ్, జీమెయిల్ ఉంది, క్యాలెండర్ యాప్ ముందే ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. మామూలు ఉచిత ఖాతాలో ఒక బుకింగ్ పేజీ వస్తుంది, ఆయనకి ఒకటి చాలు. ఏ యాప్ తీసుకున్నా ఉచితంగా ఏమిస్తున్నారో మొదలుపెట్టే రోజున ఒకసారి చూసుకోండి, ప్లాన్లు మారుతూ ఉంటాయి.

కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిచి 'క్రియేట్' నొక్కితే అందులో 'అపాయింట్‌మెంట్ షెడ్యూల్' కనిపిస్తుంది. తర్వాత ఐదు విషయాలు తేల్చుకోవాలి.

ఒకటి, ఒక్కొక్కరికీ ఎంతసేపు. మేం 30 నిమిషాలు పెట్టాం.

రెండు, ఏ రోజుల్లో, ఏ గంటల్లో. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర.

మూడు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఖాళీ. దీన్నే బఫర్ అంటారు. పది నిమిషాలు పెట్టాం. ఒకరు లేచి చెప్పులేసుకునేలోపే ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఇద్దరికీ ఇబ్బందే. పైగా మన దగ్గర అసలు విషయం గుమ్మం దగ్గరే గుర్తొస్తుంది కదా!

నాలుగు, ఎంత ముందుగా బుక్ చేయాలి. 'ఇంకో పావుగంటలో వస్తున్నా' అనే బుకింగులు రాకుండా కనీసం 12 గంటల ముందు అని పెట్టాం. అలాగే నెల రోజులు దాటి ముందుకి బుక్ చేయనివ్వలేదు. మూడు నెలల తర్వాతి టైము బుక్ చేసుకున్నవాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుని రావడం కష్టం.

ఐదు, రోజుకి ఎంతమంది. సాయంత్రానికి ఐదుగురు, అంతే. "ఇంకొకళ్ళని కూడా పెట్టవే" అన్నారు బాబాయి. పిన్ని ఒప్పుకోలేదు.

రెండు పుస్తకాలు వద్దు

ఒకే టైముకి ఇద్దరు పడటాన్ని మా భాషలో డబుల్ బుకింగ్ అంటాం. ఇది కంప్యూటర్‌కి కూడా వచ్చే సమస్యే. ఒకే సీటు కోసం ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కారనుకోండి. ఇద్దరి ఫోన్లలోనూ ఆ సీటు ఖాళీ అనే కనిపిస్తోంది. చూడటానికీ రాయడానికీ మధ్య ఉండే ఆ చిన్న సందులోనే తప్పు జరుగుతుంది. అందుకే రాసే క్షణంలో డేటాబేస్ మరోసారి సరిచూస్తుంది. ముందు చేరినవాళ్ళకి టైమిస్తుంది, రెండోవాళ్ళకి 'ఈ టైము ఇక లేదు' అని చెబుతుంది.

రెండు అపాయింట్‌మెంట్లు ఢీకొంటున్నాయో లేదో చూసే లెక్క కూడా చిన్నదే. మొదటిది రెండోది ముగిసేలోపు మొదలై, రెండోది కూడా మొదటిది ముగిసేలోపు మొదలైతే రెండూ ఢీకొన్నట్టే. 11:00 నుంచి 11:30, 11:20 నుంచి 11:50 తీసుకుని మీరే చూడండి. ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది!

అయితే ఎంత మంచి డేటాబేస్ అయినా దానికి తెలిసినదాన్నే కాపాడగలదు. పేజీ ఒక పక్కన, నోటుబుక్కు ఇంకో పక్కన ఉంటే మాస్టారి కథ మళ్ళీ జరుగుతుంది. అందుకే ఇంట్లో ఒక రూలు పెట్టాం. ఫోన్‌లో చెప్పిన టైమైనా, గుమ్మం దగ్గర చెప్పిన టైమైనా, పెళ్ళికి వెళ్ళాల్సిన రోజైనా క్యాలెండర్‌లో పడాల్సిందే. క్యాలెండర్‌లో పని ఉన్న టైముని పేజీ ఎవరికీ చూపించదు. బండి మీద ఉంటే ఆగి ఫోన్‌లోనే వేయాలి, లేదా "కుర్రాడికి ఫోన్ చేయండి, వాడు రాస్తాడు" అనాలి.

పొద్దున గంటలు ఎవరివి?

ఇక్కడే నేను, బాబాయి కాసేపు వాదించుకున్నాం. రోజంతా పేజీలో పెట్టేద్దామా? ఆయన క్లయింట్లలో సామర్లకోట, ఉప్పాడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళు ఉన్నారు. కొందరికి కీప్యాడ్ ఫోన్, కొందరికి ఈమెయిల్ లేదు. రోజంతా లింకుకి ఇచ్చేస్తే చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళు ముందే అన్నీ పట్టేసుకుంటారు. ఎప్పటినుంచో వస్తున్నవాళ్ళకి ఆఖరి వారం దాకా టైము దొరకదు.

అందుకని పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా పేజీలో పెట్టలేదు. ఆ గంటలు ఫోన్ చేసేవాళ్ళకీ, నేరుగా వచ్చేవాళ్ళకీ. బస్సులు కూడా ఆ టైముకే వీలు. ఫోన్ చేసినవాళ్ళ పేరు కుర్రాడు క్యాలెండర్‌లో వేస్తాడు. ఈ ఏర్పాటు ఏ సెట్టింగులోనూ ఉండదు, మీ క్లయింట్లు ఎవరో తెలిసి మీరే చేసుకోవాలి. మీ దగ్గరికొచ్చేవాళ్ళంతా కాలేజీ పిల్లలే అయితే ఇదేమీ అక్కర్లేదు.

కాకినాడ టైము, డల్లాస్ టైము

విదేశాల్లో ఉన్న క్లయింట్లకి ఆదివారం రాత్రి 8:30కి వీడియో కాల్ పెట్టాం. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్క. ఆ గీత కాకినాడకి దగ్గరలోనే వెళ్తుంది. కాబట్టి బాబాయి గడియారం దాదాపు సూర్యుడి గడియారమే! అమెరికా గడియారం మాత్రం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి. మనకి ఆ మార్పు లేదు.

అందువల్ల కాకినాడలో రాత్రి 8:30 అయితే జూలైలో డల్లాస్‌లో ఉదయం 10, జనవరిలో ఉదయం 9. లండన్‌లో అయితే జూలైలో సాయంత్రం 4, జనవరిలో 3. వీటిని నోటితో లెక్కేసి చెప్పుకుంటే ఎప్పుడో ఒకసారి గంట తేడా వస్తుంది. బుకింగ్ పేజీలు లోపల టైముని మారని ఒక ప్రామాణిక లెక్కలో పెట్టుకుని, చూసేవాళ్ళకి వాళ్ళ ఊరి టైములో చూపిస్తాయి. మీరు చేయాల్సిందల్లా మీ క్యాలెండర్ టైమ్‌జోన్ ఇండియాకి ఉందో లేదో చూసుకోవడం.

అడగాల్సినవి, అడగకూడనివి

బుకింగ్ ఫారంలో ప్రశ్నలు చేర్చుకోవచ్చు. మేం అడిగినవి పేరు, ఈమెయిల్ కాక మూడే: ఫోన్ నంబరు, పని ఏమిటో ఒక్క ముక్కలో, ఆఫీసుకి వస్తారా లేక వీడియో కాలా. పాన్ నంబరు అడగలేదు, ఆధార్ నంబరు అడగలేదు. పాస్‌వర్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టైము ఇవ్వడానికి అవేవీ అవసరం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే, పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలి. మీరు డైటీషియన్ అయితే జబ్బుల వివరాలు ఫారంలో రాయించకండి, ఎదురుగా కూర్చున్నాక అడగండి.

పేజీ మీద రాసే నాలుగు లైన్లు తెలుగులోనే రాశాం. అందులో బాగా పనికొచ్చింది ఈ ఒక్క వాక్యం: "ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ వెంట తెచ్చుకోండి." రిటర్ను వేశాక 30 రోజుల్లోపు వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో చేస్తే అక్కడికక్కడే అయిపోతుంది. ఆ ఫోన్ ఇంట్లో వదిలేసి వస్తే ఇంకోసారి తిరగాలి. దాని కిందే ఇంకో లైను: "మేం ఫోన్ చేసి ఓటీపీ ఎప్పుడూ అడగం." లింకులు పంపే ప్రతివాళ్ళూ ఈ మాట రాయడం మంచిది. ఏది అసలు లింకో, ఏది దొంగ లింకో జనానికి భయం ఉంది, ఆ భయం న్యాయమైనదే.

బుక్ చేసినవాళ్ళకి మెయిల్ వెళ్తుంది, రద్దు చేసుకునే వీలు అందులోనే ఉంటుంది. కానీ మనవాళ్ళలో మెయిల్ చూసేదెంతమంది? అందుకని ముందురోజు సాయంత్రం కుర్రాడు వాట్సాప్‌లో గుర్తు చేస్తాడు. ఆటోమేటిక్ ఎస్సెమ్మెస్సులు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో పేరు, మెసేజు నమూనా రిజిస్టర్ చేయించాలి. రోజుకి ఐదుగురి కోసం అంత హడావిడి అక్కర్లేదు.

ఒట్టి లింకు పంపకండి

ఇక బాబాయి భయం. ఒట్టి లింకు పంపితే నిజంగానే పొగరుగా కనిపిస్తుంది. నేను రాసిచ్చిన మెసేజు ఇలా ఉంది: "అపాయింట్‌మెంట్ కోసం ఈ లింకులో బుక్ చేసుకోగలరు." బాబాయి చదివి, కళ్ళజోడు తీసి, "ఇది కరెంటు బిల్లులా ఉందే" అన్నారు. ఆయన తిరగరాసింది ఇది: "నమస్కారమండి. మీరు వచ్చి కూర్చోవాల్సిన పని లేకుండా మీకు వీలైన టైము మీరే చూసుకోండి. కుదరకపోతే ఒక్క ఫోన్ కొట్టండి, నేనే రాసుకుంటానండి." దాని కింద లింకు.

తేడా ఎక్కడుందో చూడండి. మొదటిది నా ఖాళీ గురించి చెబుతుంది, రెండోది మీ శ్రమ గురించి అడుగుతుంది. ఫోన్ చేసే దారి కూడా తెరిచే ఉంచింది. ఇంకో పద్ధతి కూడా ఆయనే పెట్టుకున్నారు. తనకంటే పెద్దవాళ్ళకి లింకు పంపరు, తనే ఫోన్ చేసి టైము చెప్తారు. ఆఫీసు గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించాం, దాని పక్కన ఫోన్ నంబరు అంతే పెద్ద అక్షరాల్లో ఉంది.

మొన్న జూలై ఎలా గడిచిందంటే, ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు, విదేశాల్లో ఉన్నవాళ్ళు లింకులోనే బుక్ చేశారు. పెద్దవాళ్ళు ఎప్పటిలాగే ఫోన్ చేశారు. కొందరు పెద్దవాళ్ళకి మనవలు బుక్ చేసిపెట్టారు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఫోన్ మోగడం బాగా తగ్గిందని పిన్ని చెప్పింది. బుక్ చేసి రానివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒకే టైముకి ఇద్దరు మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. పిఠాపురం మాస్టారికి బాబాయి తనే ఫోన్ చేశారు. "ఈ ఏడాది వేరేచోట ఇచ్చేశానండి, పర్లేదు" అన్నారట ఆయన. కొన్ని మళ్ళీ కుదురుకోవడానికి టైము పడుతుంది.

మీరు మొదలుపెడుతుంటే

ఈ ఆదివారమే మీకోసమో, ఇంట్లోవాళ్ళకోసమో పేజీ పెడదామనుకుంటే, లింకు ఎవరికైనా పంపేముందు ఒక్క పని చేయండి. ఇంకొకరి ఫోన్‌లో, మీ ఖాతా లేని చోట ఆ లింకు తెరిచి క్లయింటులా బుక్ చేయండి. మెయిల్ వచ్చిందా? మీ క్యాలెండర్‌లో పడిందా? అదే టైము ఇంకోసారి తెరిస్తే మాయమైందా? రద్దు చేస్తే తిరిగి కనిపిస్తోందా? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే, బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురు క్లయింట్లకి మాత్రమే వారం రోజులు వాడనివ్వండి. ఎక్కడ తడబడుతున్నారో వాళ్ళే చెప్తారు.

ఆ తర్వాత లింకు పక్కన పెట్టే రెండు మాటలు మీరే రాయండి. ఏ యాప్ ఇచ్చిన రెడీమేడ్ మెసేజూ వద్దు. మీ దగ్గరికొచ్చేవాళ్ళని గుమ్మం దగ్గర ఎలా పిలుస్తారో అందులోనూ అలాగే పిలవండి.